పెడమర

ఆ ఇంట్లో తయారైన ఏ కలమూ ఇన్నేళ్లలో ఒక్కసారైనా తనవైపు తిరగలేదని బొంగరం ఎప్పుడూ పైకి అనలేదు. అందరూ చూస్తున్నదే కదా, అనడానికేముంది. కానీ కళ్లకి కనబడేది వేరు, నోటితో ఒప్పుకునేది వేరు. తిరగాలని తనకి ఎంత ఆశగా ఉండేదో, ఆ మాటైతే అద్దంలో తన మొహానికి కూడా చెప్పుకోలేదు. ఎవరైనా కదిలిస్తే, "నాకెందుకండీ కలం, నేనేమైనా రాసి ఉద్ధరించేదుందా" అని నవ్వేసి, చేతిలో పని అక్కడే వదిలేసి ఇంకో పని అందుకునేది.

బొంగరం అన్నది పెద్దమ్మ పెట్టిన పేరు. కుదురుగా ఒకచోట కూర్చోదని. అన్నం తింటూ తింటూ లేచి కిటికీ వెయ్యడానికి వెళ్తుంది, కిటికీ వేస్తూ వీధిలోకి తొంగి చూస్తుంది, చూసి వచ్చేసరికి పళ్లెం ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది. "మా చెల్లెలు దీన్ని కని, తాడు చుట్టి వదిలేసింది. అప్పట్నుంచీ ఆగలేదు" అనేది పెద్దమ్మ వచ్చిన వాళ్లందరితో. ఆ చెల్లెలూ మరిదీ ఉద్యోగాల పేరు చెప్పి ఊళ్లు మారుతూ ఉంటే, చదువు చెట్టెక్కుతుందని పిల్లని అక్క దగ్గర ఉంచారు. చదువు అయిపోయింది. పిల్ల మాత్రం ఉండిపోయింది.

ఇంటి వెనక గదిలో కాలితో తొక్కే లేతు. పెద్దమ్మ వాళ్ల నాన్న నాటిది. కింద రెండు పక్కలా కాలికందే పొడుగాటి తొక్కుడు చెక్క, పక్కన పెద్ద ఇనపచక్రం. చక్రాన్ని చేత్తో ఒక్కసారి లాగి వదిలి, ఆపైన చెక్క తొక్కుతూ ఉంటే, పైన బిగించిన కడ్డీ గిర్రున తిరుగుతుంది. ఆ కడ్డీ గట్టిపరిచిన నల్ల రబ్బరు. ఉలి తగలగానే సన్నటి రిబ్బన్లు రిబ్బన్లుగా లేస్తుంది, అగ్గిపుల్ల గీసినట్టు ఘాటుగా వాసన వేస్తుంది. ఆ వాసన ఆ ఇంట్లో దుప్పట్లకీ పంచదార డబ్బాకీ కూడా పట్టింది. బొంగరం తలంటుకున్నా జుట్టుకి ఉండేది. బస్సులో పక్కసీటు వాళ్లు ఒకసారి చూసి, "ఓహో, కలాల వాళ్ల అమ్మాయివా" అనేవాళ్లు.

పొద్దున్నే పెద్దమ్మ పని మొదలుపెట్టేది. కడ్డీని కోసి, బరమాతో లోపల తొలిచి, పైన నున్నగా చెక్కేది. ఆ తర్వాత మరలు తీసేది. మూత గొట్టానికి బిగియాలంటే రెంటికీ మర ఉండాలి కదా, అదీ పళ్లున్న ఉలితో, తిరుగుతున్న కడ్డీ మీద, చేతివాటాన. ఊపిరి తేడా వస్తే మర చెడుతుంది. పాళీ కింద సిరా పారే నాలుకని వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే బొటనవేలితో పాళీకి ఒత్తి, చల్లారేదాకా పట్టుకునేది. ఇవన్నీ చేసేటప్పుడు బొంగరం పని ఒకటే. లేతుకి అవతలి పక్క ముక్కాలిపీట మీద కూర్చుని, పెద్దమ్మకి ఎదురుగా దీపం పట్టుకోవడం. చిన్నప్పట్నుంచీ ఆ పీటే, ఆ దీపమే. బొంగరం రోజు మొత్తంలో కదలకుండా కూర్చునేది అక్కడొక్కచోటే. ఆ సంగతి పెద్దమ్మ కూడా గమనించినట్టు లేదు.

కలం పూర్తయ్యాక, క్లిప్పు పెట్టకముందు, పెద్దమ్మ దాన్ని గది మధ్య గుండ్రబల్ల మీద అద్దంపై పెట్టేది. అది కాస్త ఊగి, అటూ ఇటూ దొర్లి, ఎవరిదో వాళ్లవైపు తల తిప్పి ఆగేది. తల అంటే మూత పెట్టే కొస. ఆ మనిషి గదిలోనే ఉంటే, ఎటు నడిస్తే అటు, తల్లి వెంట కోడిపిల్లలా తిరిగేది. ఊళ్లో ఇంకెక్కడో ఉంటే ఆ దిక్కుకి చూపించి ఊరుకునేది. ఒకసారి ఒక ఇంజనీరుగారు తనకని పురమాయించుకున్న కలం ఆయన్ని పట్టించుకోకుండా, గుమ్మం బయట నిలబడ్డ డ్రైవరు వైపు తిరిగింది. "ఓహో, నీదటోయ్" అని ఆయన దాన్ని డ్రైవరు చేతిలో పెట్టి, తనకి ఇంకోటి చెప్పి వెళ్లాడు. అందులో ఎవరికీ వింతేమీ తోచలేదు. ఎండ ఎటు ఉంటే అటు బట్టలు ఆరేస్తాం, కలం ఎటు తిరిగితే అటు పంపిస్తాం, అంతే.

అలా పంపించడానికి పార్సిల్ బాబాయి ఉన్నాడు. సైకిలు మీద వచ్చి, కలం ఏ దిక్కుకి ఉందో చూసి, సంచీలో వేసుకుని, మలుపు మలుపుకీ ఆగి అరచేతిలో పెట్టుకుని చూసుకుంటూ వెళ్లేవాడు. అడ్రసుల కన్నా ఇదే నయమనీ, ఇల్లు మారినా కలం దారి తప్పదనీ అనేవాడు. మంచి మనిషే కానీ పనిలో తొందరపాటు. ఒకనాడు సైకిలు ఎడమ పెడలు ఊడదియ్యడానికి పానా వేసి, వాకిట్లో కుస్తీ పట్టాడు. చొక్కా తడిసిపోయింది, పెడలు రాలేదు.

పెద్దమ్మ కిటికీలోంచి చూసి చూసి, "నాయనా, అది పెడమర. అందరూ విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది" అంది.

"పడమరా?" అని బాబాయి సైకిలుని ఎత్తి, పడమటి దిక్కుకి తిప్పి పెట్టుకుని, మళ్లీ పానా అందుకున్నాడు.

"పడమర కాదయ్యా, పెడమర. పెడ వైపు తిప్పు."

ఆ మాట వీధంతా పాకింది. ఆ తర్వాత మొండికేసిన దేన్నైనా ఆ చుట్టుపక్కల పెడమర అనడం అలవాటైంది. తలుపు గడియనీ, పాడైన కుళాయినీ, ఒక్కోసారి బొంగరాన్నీ కూడా.

ఇక ఆ లేతు సంగతి. కలాలకి ఉన్న పద్ధతే లేతుకీ ఉంది. ఇంట్లో మనిషి వైపు కలం తిరిగితే, ఆ తర్వాత లేతు ఆ మనిషిది. పెద్దమ్మ చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ పెరట్లో అంట్లు తోముతుంటే, వాళ్ల నాన్న బల్ల మీద పెట్టిన కలం పెరటి గుమ్మం వైపు తిరిగి ఆగిందట. తడి చేతులతో ఇద్దరూ వచ్చారు. చెల్లెలు ఇటూ అక్క అటూ విడిపోతే, కలం అక్క వెంట పోయింది. చెల్లెలు, "హమ్మయ్య" అని వెళ్లి మిగతా అంట్లు తోముకుంది. కలం తిరగని వాళ్ల చేతికి ఉలి ఇవ్వకూడదన్నది ఆయన మాట. పెద్దమ్మ ఆ మాట జవదాటలేదు.

కానీ కొత్త కలం బల్ల మీద పెట్టిన ప్రతిసారీ, అది ఊగుతున్న ఆ కాస్సేపట్లో, పెద్దమ్మ కళ్లు ఒక్కసారి బొంగరం మీద వాలేవి. వాలి, వెంటనే పక్కకి పోయేవి. బొంగరం ఆ చూపుని భరించలేకపోయేది. పొయ్యి మీద పాలున్నాయనో, ఎవరో పిలిచారనో గబుక్కున లేచి వెళ్లిపోయేది. పాలు ఉండేవి కావు. ఎవరూ పిలిచేవాళ్లు కారు.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకి పెద్దమ్మ కళ్లు మొరాయించాయి. మరలు జంటలు జంటలుగా కనబడుతున్నాయంది. మందు చుక్కలు వేసుకుంది, అద్దాలు మార్చింది, దీపం ఇంకా దగ్గరగా పట్టమంది. మూడు మూతలు వరసగా పాడయ్యాక ఉలి కింద పెట్టి, కోళ్ల మామయ్యకి కబురు చేసింది.

కోళ్ల మామయ్యకి కోడీ లేదు, పిట్టా లేదు. మంచాలకీ కుర్చీలకీ కోళ్లు చేసే మనిషి. ఆ బోర్డు చూసి గుడ్లున్నాయా అని అడిగే వాళ్లని ఆయన రోజుకొకరినైనా తిట్టాల్సి వచ్చేది. ఆయనకి ఈ లేతు మీద ఎప్పట్నుంచో కన్నుంది. వచ్చి, చక్రం తిప్పి చూసి, వంగి తొక్కుడు చెక్కని తట్టి, ఇంత నెమ్మదైన లేతు ఈ రోజుల్లో పుట్టదన్నాడు. ఆదివారం పొద్దున్న బండి తెచ్చి పట్టుకెళ్తానన్నాడు. పెద్దమ్మ సరే తమ్ముడూ అంది. తుప్పు పట్టించేకన్నా నయమంది. అని, బొంగరం వైపు చూసి, "ఏమే, నువ్వేమంటావ్?" అంది.

"నేననేదేముంది. మంచిదే కదా, గది ఖాళీ అవుతుంది" అంది బొంగరం.

అని, సబ్బు కొనుక్కొస్తానని బయటికి వెళ్లింది. ఈ వీధిలోంచి ఆ వీధిలోకి, ఆ వీధిలోంచి ఇంకో వీధిలోకి తిరిగి తిరిగి, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని, సబ్బు లేకుండా ఇంటికొచ్చింది. పెద్దమ్మ సబ్బేదని అడగలేదు.

మర్నాటి నుంచి, మధ్యాహ్నం పెద్దమ్మ నడుం వాల్చి రేడియో పెట్టుకోగానే, బొంగరం వెనక గదిలోకి వెళ్లి తలుపు చేరవేసేది. ఒక్క కలం. తన చేత్తో ఒక్క కలం చేసి బల్ల మీద పెడితే, అదైనా తిరగదా అని. కన్నబిడ్డ ఎంత మొండిదైనా కన్నతల్లిని గుర్తు పట్టదా అని. నేర్పిన వాళ్లు లేరు. కానీ కళ్లెదుట ఇన్నేళ్లు జరిగింది రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ పీట మీదే కూర్చుంది. పెద్దమ్మ చక్రాన్ని తనవైపుకి ఎలా లాక్కునేదో, బొంగరమూ అలాగే తనవైపుకి లాక్కుంది. పెద్దమ్మ ఉలిని చక్రం ఉన్న వైపుకి జరిపేది కాబట్టి తనూ అలాగే జరిపింది. పెద్దమ్మ పళ్ల ఉలి మాత్రం తన చేతిలో మాట వినలేదు, జారిపోయింది. లోపం తన చేతిదే అనుకుని, పాత ఆకురాయి ముక్కని అరగదీసి, తన చేతికి నప్పేలా పళ్లు పెట్టుకుంది. లోపలి మరకి ఇంకోటి చేసుకుంది.

మొదటి గొట్టం పగిలింది. రెండోది తొలుస్తుంటే బరమా పక్కదారి పట్టింది. పొట్టు బయట పారేస్తే పెద్దమ్మ కంట పడుతుందని, దిండు గలేబులోకి కూరింది. రాత్రి పక్కకి ఒత్తిగిలితే దిండు గలగలమనేది. నిద్ర పట్టక అటు దొర్లితే ఒక గలగల, ఇటు దొర్లితే ఇంకో గలగల.

శనివారం మధ్యాహ్నానికి కలం అయింది. నలుపులో ముదురాకుపచ్చ చారలున్న కడ్డీ ముక్క అది, ఎప్పుడో మిగిలి మూలన పడింది. పాతకాలపు కలంలా మధ్యలో కాస్త లావుగా, కొసలకి సన్నగా వచ్చింది. పాళీ సానరాయి మీద నున్నగా రుద్ది, నాలుక ఒత్తి, సిరాలో ముంచి ఒక గీత గీసింది. గీత ఎక్కడా తెగలేదు. మూత పెట్టి తిప్పితే వేళ్లు అడిగిన వైపే బిగిసింది. అది ఏ వైపో చూసుకునే తీరిక ఆ అమ్మాయికి లేదు. ఆ ఇంట్లో కలాలకి మూత బిగించడం, విప్పడం పెద్దమ్మ పనే. బొంగరం సంతకానికి బాల్ పెన్ను వాడే మనిషి.

కలాన్ని బల్ల మీద పెట్టింది. అది ఊగింది. ఈసారి పాలు గుర్తు తెచ్చుకోకుండా, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

కలం దొర్లి, సగం చుట్టు తిరిగి, తోక బొంగరం వైపు పెట్టి, తల సరిగ్గా అవతలి గోడ వైపుకి తిప్పి ఆగింది.

ఎవరిదో పరాయి వాళ్లది అయితే సరే అనుకునేది. అలవాటే కదా. నీళ్లు తాగుదామని ఇవతలికి నడిస్తే, కలం కదిలింది. తల ఇంకాస్త అవతలికి పోయింది. బొంగరం ఆగింది, అదీ ఆగింది. ఈ మూలకి వెళ్తే తల ఆ మూలకి. ఆ మూలకి వెళ్తే తల ఈ మూలకి. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చూసింది. ఒక్క చోటంటే ఒక్క చోట కూడా దాని తల ఇటు రాలేదు. మిగతా కలాలకి తనంటే ఏమీ లేదు, అంతే. దీనికి మాత్రం పనిగట్టుకుని పగ. తన చేతుల్లో పుట్టి, తనకే పెడమొహం పెట్టింది.

ఏడుపు రాలేదు. కాళ్లలో ఏదో గుంజుతున్నట్టు, ఎక్కడికైనా వెళ్లాలని, ఎక్కడికో తెలియదని అనిపించింది. సరే, రేపు బండి వస్తుంది, లేతు పోతుంది, పీడా పోతుంది అనుకుంది. అనుకుంటూ ఉండగానే రేడియో ఆగిన చప్పుడూ, పెద్దమ్మ చెప్పుల చప్పుడూ వినబడ్డాయి. పరుగెత్తుకెళ్లి తూర్పు పక్క గోడకి ఆనించి ఉన్న కుర్చీలో కూలబడి, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ కూర్చోనంత బుద్ధిగా కూర్చుంది. కలాన్ని తీసే సమయం దొరకలేదు.

పెద్దమ్మ వెనకాలే పార్సిల్ బాబాయి కూడా వచ్చాడు, మిగిలిన కలాలు పట్టుకెళ్లడానికి. బల్ల మీద ఉన్నదాన్ని పెద్దమ్మ కళ్లు చికిలించి చూసి, ఇదెప్పటిదంది. నువ్వే చేసి మర్చిపోయావేమో పెద్దమ్మా అంది బొంగరం.

"కళ్లే పోయాయనుకున్నానే. మతి కూడానా."

"నేను మెరుగు పెట్టాను" అంది బొంగరం. అది అబద్ధం కాదు.

బాబాయి వంగి చూసి, తల పడమరకి ఉందనీ, వంతెన అవతల ఎవరిదో అయి ఉంటుందనీ, ఇచ్చేస్తే దారిలో చూసుకుంటాననీ అన్నాడు. సిరా పట్టి రాయించి చూడకుండా ఏ కలాన్నీ గడప దాటించనని పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. మూత విప్పబోయింది. రాలేదు. కొంగుతో పట్టుకుని తిప్పింది. రాలేదు. మణికట్టు కూడా చెప్పిన మాట వినడం లేదని గొణుక్కుని, బాబాయికి ఇచ్చింది. ఆయన రుమాలు చుట్టి తిప్పాడు, కూర్చుని తిప్పాడు, నిలబడి తిప్పాడు. ఆఖరికి పళ్లతో పట్టబోతే, పెద్దమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది.

"నా పెడలు కన్నా మొండిగా ఉందక్కయ్యా" అన్నాడాయన చెయ్యి రుద్దుకుంటూ.

ఆ మాటకి పెద్దమ్మ తలెత్తింది. కలాన్ని తీసుకుని, కాసేపు ఊరికే పట్టుకుని, అప్పుడు రెండో వైపుకి తిప్పింది. మూత నిద్రలో పెదవి విడినట్టు వచ్చేసింది.

పెద్దమ్మ కిటికీ దగ్గరికి వెళ్లలేదు, అద్దాలు పెట్టుకోలేదు. బొటనవేలి గోటిని మర మీద ఆనించి, మెల్లగా చుట్టూ నడిపించింది. కళ్లకి జంటలుగా కనబడే మరలు గోటికి ఒంటిగానే తగిలాయి. మళ్లీ నడిపించింది. తర్వాత లేతు వైపు చూసింది. లేతు అవతల ముక్కాలిపీట వైపు చూసింది. ఏళ్ల తరబడి ఒక మనిషి కూర్చుని కూర్చుని, దాని నడుమ గుంట పడి ఉంది.

"ఎక్కడ కూర్చుని చేశావే?"

బొంగరం కుర్చీ చేతుల్ని పట్టుకుంది. "ఎప్పుడూ కూర్చునే చోటే."

"చక్రం ఎటు లాగావ్?"

"నువ్వు లాగినట్టే. నావైపుకి."

"నావైపూ నీవైపూ ఒకటేనా, పిచ్చిమొహమా. అద్దంలో చూసి పాపిడి తీసుకున్నట్టుంది నీ పని" అంది పెద్దమ్మ. కోపం మాటే కానీ, గొంతులో కోపం లేదు. "ఎదురుగా కూర్చుని, చూసింది చూసినట్టు దింపావు."

"చెడిపోయిందా?"

"చెడిపోవడానికేముంది. నా మరకి తీసిపోదు. దిక్కే మారింది."

ఆ మెప్పు ఎక్కడ తగిలిందో, బొంగరానికి అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. దాంతో పాటు, ఇన్నేళ్లూ లోపల నొక్కిపెట్టిన మాట కూడా వచ్చేసింది.

"ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం పెద్దమ్మా. ఏ కలమూ నావైపు తిరగదు. ఒక్కటీ తిరగలేదు. ఇదైతే మరీనూ, నేను ఎటు వెళ్తే అటు పనిగట్టుకుని పెడమొహం పెడుతోంది."

పెద్దమ్మ మూత బిగించే చెయ్యి ఆపింది. "నువ్వు ఎటు వెళ్తే అటా?"

"ఊఁ."

"నిజంగా, నువ్వు కదిలితే కదులుతుందా?"

"చెప్తున్నాగా."

పెద్దమ్మ కలాన్ని తెచ్చి అద్దం మీద పెట్టింది. పార్సిల్ బాబాయిని గుమ్మంలోకి జరగమంది, తను గోడకి ఆనుకుని నిలబడింది. "లే. నడు" అంది.

బొంగరం లేచి నడిచింది. కిటికీ దాకా, కిటికీ నుంచి లేతు దాకా, లేతు చుట్టూ తిరిగి ముక్కాలిపీట దాకా. కలం తల గోడల వెంబడి ఎటో పోతూనే ఉంది. కానీ ఈసారి పెద్దమ్మ తల వైపు చూడటం లేదు. ఆ రెండో కొస, ఆ పచ్చచారల తోక, అడుగడుక్కీ ఆ అమ్మాయి వెంట వస్తోంది. ఆగితే ఆగుతోంది. తడబడితే తడబడుతోంది. తల్లి వెంట కోడిపిల్ల కూడా అంత అంటిపెట్టుకుని తిరగదు.

"అయితే, పడమటి వాళ్లది కాదన్నమాట" అన్నాడు బాబాయి, సంచీ మూతి బిగించుకుంటూ.

"పడమర కాదయ్యా, పెడమర" అంది పెద్దమ్మ. "మర తిరగబడితే కలమూ తిరగబడదూ. దీనికి తోకే తల."

బాబాయి తల ఊపాడు. తన పెడలు సంగతి తెలిసినవాడు కనక ఆయనకి ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది. మిగిలిన కలాలు తీసుకుని, తనకి తూర్పుకి పని ఉందని వెళ్లిపోయాడు.

బొంగరం ఉన్నచోటే నిలబడి ఉంది. తోక తనవైపు ఉంది. మొదట్నుంచీ ఉంది. తను బల్ల చుట్టూ తిరిగినంతసేపూ అది తన వెంటే తిరిగింది, తనే దాని మొహం వెతుక్కుంటూ వీపు చూడలేదు.

"రేపు పొద్దున్న బండి వస్తుంది" అంది.

"వస్తుంది."

"నువ్వు మాట ఇచ్చావు కదా."

"ఇచ్చాను. కళ్లు పోయాయని ఇచ్చాను. ఎవరూ అడగలేదని ఇచ్చాను." పెద్దమ్మ ముక్కాలిపీటని కాలితో దగ్గరికి జరుపుకుని, ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసింది. "మధ్యాహ్నాలు లేతు చప్పుడు వినపడకపోవడానికి నాకు తెగులు వచ్చింది కళ్లకే, చెవులకి కాదే. రాత్రంతా దిండు గలగలమంటుంటే, రేపు చెప్తుంది, ఎల్లుండి చెప్తుంది అని చూశాను. నిన్ను అడిగాను కూడా, ఏమంటావే అని. గది ఖాళీ అవుతుందన్నావు."

"కలం తిరగనిదే అడగకూడదని..."

"కలం తిరిగేదాకా నేను ఉలి ఇవ్వకూడదు. మా నాన్న చెప్పింది నాకు. నీ నోరు కట్టుకోమని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. తనే చెప్పుకుంది.

"నేను ఫోన్ చెయ్యను" అంది పెద్దమ్మ లేచి. "కాదన్నానని చెప్పడానికి నాకు మొహం చెల్లదు. పైగా వద్దనుకున్నది నేను, కావాలనుకునేది నువ్వు. ఆయన బండి మాట్లాడుకున్నాడు, తాళ్లు తెచ్చుకున్నాడు. తిడతాడు. తిట్టించుకో. గుడ్లడిగిన వాళ్లనే వదలడు, నిన్ను వదులుతాడా." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఎవరైనా ఎడమచేతి వాళ్లు దొరికితే ఆ మర మహా సుఖంగా ఉంటుంది. చూడు" అని, కాఫీ పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

ఫోన్ కిటికీ గట్టు మీద ఉంది. బొంగరం దానివైపు వెళ్లి, వెళ్లకుండా, ముందు ఉలులు సర్దింది. నేల మీద పొట్టు ఊడ్చింది. ఈసారి దిండులో దాచకుండా చెత్తబుట్టలో పోసింది. కిటికీ తెరిచింది, మళ్లీ వేసింది. ఏమని మొదలుపెట్టాలి. మామయ్యా, పెద్దమ్మ వద్దంటోంది, అనొచ్చు. అది తేలిక, అది అబద్ధం. మామయ్యా, లేతు పాడైంది, అనొచ్చు. ఆయన వచ్చి బాగుచేసి మరీ పట్టుకెళ్తాడు. ఎలా చెప్పినా చివరికి ఆయన, ఎందుకమ్మా, అని అడుగుతాడు. ఆ ఎందుకుకి ఒక్కటే సమాధానం ఉంది, రెండే మాటలు. ఆ రెండు మాటలు తను ఈ ఇంట్లో ఒక చాక్లెట్ కోసం కూడా ఎప్పుడూ వాడలేదు.

బల్ల చుట్టూ ఒకసారి నడిచింది. కలం వెంట వచ్చింది, వీపు చూపిస్తూనే.

లేతు దగ్గర ఆగి, ముక్కాలిపీట మీద కూర్చుంది. చక్రాన్ని తనవైపుకి ఒక్క లాగు లాగింది. అది తిరిగి తిరిగి, దానంతట అది నెమ్మదించి ఆగేదాకా లేవకుండా కూర్చుంది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ వింటోందని తెలుసు.

మామయ్య అరవనీ. ముందు మామయ్యా అనాలి, తర్వాత నాకు కావాలి అనాలి, ఆ తర్వాత ఆయన ఎంతసేపు తిడితే అంతసేపు ఫోన్ పెట్టెయ్యకుండా ఉండాలి. అంతే కదా అనుకుని, బొంగరం లేచి, తిన్నగా కిటికీ గట్టు దగ్గరికి నడిచి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.